గెలిపించిన కోచ్ మీద సంతకాలు: కార్లైల్ జట్టు ఓడిన ఏడాది కథ



మన గ్రూపులో కొమురం భీం గురించి, బిర్సా ముండా గురించి, గాం గంటం దొర, మల్లు దొరల గురించి చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి కొంచెం దూరం పోదాం. అమెరికాలో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన ఒక హాస్టల్ బడి, ఆ బడి ఫుట్‌బాల్ జట్టు, ఆ జట్టు ఓడిపోయిన ఒక ఏడాది. పోస్టు పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో ఉండి చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఇందులో ఏదో ఒకటి తెలిసినట్టే అనిపిస్తది.

ముందు లెక్కలు చూడండి. ఆ జట్టు 1911లో 12 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచింది. 1912లో 14 ఆడి 12 గెలిచింది. 1913లో 12 ఆడి 10 గెలిచింది. 1914లో 15 ఆడితే గెలిచినవి 5, ఓడినవి 9, ఒకటి సమం. ఆ సీజను అయిపోగానే కోచ్ వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే 1918లో బడే మూతపడింది.

ఈ జట్టు గురించి రాసేవాళ్ళు ఎక్కువగా 1911, 1912 దగ్గరే ఆగుతారు. అది సహజమే, ఆ గెలుపులు అట్లాంటివి. 1914 గురించి మాత్రం ఒక్క వాక్యంలో, మంచి ఆటగాళ్ళు పోయారు కాబట్టి జట్టు దెబ్బతిన్నదని రాసి వదిలేస్తారు. కానీ ఆ 1914 మొదట్లోనే, ఇంకా సీజను మొదలుకాకముందే, ఆ బడి పిల్లలు ఒక పెద్ద పని చేశారు. దేశమంతా పొగిడే కోచ్ మీద, బడి సూపరింటెండెంట్ మీద విచారణ కావాలని సంతకాలు పెట్టారు. ఈ పోస్టు ఆ సంతకాల గురించి.

అసలు ఆ బడి ఏంటి?

బడి పేరు కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊరిలో, పాత సైనిక బ్యారక్‌లలో 1879లో పెట్టారు. పెట్టినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనిక అధికారి. అప్పటిదాకా ఆదివాసీల మీద యుద్ధాలు చేసినవాడే. ఆదివాసీని చంపక్కర్లేదు, వాడిలోని ఆదివాసీతనాన్ని చంపేస్తే మనిషి మిగులుతాడు అన్నది ఆయన సిద్ధాంతం. 1892లో ఒక సభలో ఆ మాట బాహాటంగానే చెప్పాడు.

మొదటి జట్టు పిల్లలు రోజ్‌బడ్, పైన్ రిడ్జ్ రిజర్వేషన్ల నుంచి వచ్చిన లకోటా పిల్లలు. వాళ్ళ జుట్టు కత్తిరించారు. బట్టలు మార్చారు. పేర్లు మార్చారు. లూథర్ స్టాండింగ్ బేర్ అనే లకోటా రచయిత ఆ మొదటి జట్టులోనే ఉన్నాడు. నల్లబల్ల మీద తెల్లోళ్ళ పేర్లు రాసి పెట్టి, ఒక్కొక్కణ్ణి పిలిచి కర్రతో ఒక పేరు చూపించమన్నారట. చదవడం రాని పిల్లాడు ఏది చూపిస్తే అదే వాడి పేరు. "లూథర్" అట్లా వచ్చింది. సొంత భాష మాట్లాడితే శిక్ష. పూట చదువు, పూట పని. సెలవుల్లో ఇంటికి పంపకుండా తెల్లోళ్ళ పొలాల్లో, ఇళ్ళల్లో పనికి పంపేవాళ్ళు. దానికి "ఔటింగ్" అని పేరు పెట్టారు.

దాదాపు 40 ఏళ్ళల్లో 140కి పైగా తెగల నుంచి వేలమంది పిల్లలు ఆ బడికి వెళ్ళారు. జబ్బులతో చాలామంది అక్కడే చనిపోయారు. బడి పక్కనే శ్మశానం కూడా పెట్టుకున్న బడి అది.

ఫుట్‌బాల్ ఎట్లా వచ్చింది?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఎదుటి జట్టు గీత దాటించాలి. అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేయడం ఆటలో భాగం. ఆ రోజుల్లో తలకు సరైన రక్షణ కూడా లేదు. 1905లో చాలామంది కుర్రాళ్ళు ఈ ఆటలో చనిపోయారని పెద్ద గొడవ అయి, నియమాలే మార్చాల్సి వచ్చింది. బంతిని ముందుకు విసరడం అనేది 1906లో అట్లా వచ్చిన కొత్త నియమమే.

కార్లైల్ పిల్లలు 1890 నాటికే ఈ ఆట ఆడుతున్నారు. ఊళ్ళోనే ఉన్న డికిన్సన్ కాలేజీతో ఆడినప్పుడు ఒక పిల్లాడి కాలు విరిగింది. ప్రాట్ బయటి జట్లతో ఆట బంద్ చేసేశాడు. తర్వాత ఒక రోజు దాదాపు 40 మంది కుర్రాళ్ళు నేరుగా ఆయన ఆఫీసుకే పోయి, మాకు ఆట కావాలని అడిగారు. ఆయన రెండు షరతులు పెట్టాడు. ఒకటి, ఎదుటివాడు ఎంత రెచ్చగొట్టినా మీరు చెయ్యి ఎత్తొద్దు. ఎత్తితే "చూశారా, అడవి మనుషులు" అంటారు. రెండు, కొన్నేళ్ళల్లో దేశంలో అన్నిటికన్నా పెద్ద జట్టును ఓడించాలి. పిల్లలు ఒప్పుకున్నారు. 1893లో ఆట మళ్ళీ మొదలైంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ బడిలో అన్నీ పై నుంచి రుద్దినవే. భాష, బట్టలు, పేరు, దేవుడు, అన్నీ. ఫుట్‌బాల్ మాత్రం పిల్లలు అడిగి తెచ్చుకున్నది.

1896లో వాళ్ళు ప్రిన్స్‌టన్, యేల్, హార్వర్డ్, పెన్సిల్వేనియా లాంటి పెద్ద జట్లన్నిటితోటీ ఒకే సీజన్లో వరసగా ఆడారు. నాలుగూ ఓడారు. కానీ ఓడిన తీరు చూసి జనం ఆశ్చర్యపోయారు. యేల్ మీద ఒక కుర్రాడు అందర్నీ తప్పించుకుని గీత దాటేశాడు. అంతకుముందే ఈల వేసి ఆట ఆపేశానని రెఫరీ దాన్ని కొట్టేశాడు. ఆ రెఫరీ యేల్‌లో చదువుకున్నవాడు. ఇంకా విచిత్రం ఏంటంటే ఆ ఏడాది కార్లైల్ కోచ్ కూడా ఆయనే, పేరు హికాక్. చూడ్డానికి వచ్చిన తెల్లోళ్ళే లేచి నిలబడి అరిచారు. కార్లైల్ పిల్లలు మాత్రం షరతు ప్రకారం చెయ్యి ఎత్తలేదు.

పాప్ వార్నర్ కాలం

1899లో గ్లెన్ వార్నర్ అనే కోచ్ వచ్చాడు. అందరూ "పాప్" వార్నర్ అనేవాళ్ళు. కార్నెల్‌లో లా చదివినవాడు. మధ్యలో మూడేళ్ళు కార్నెల్‌కే వెళ్ళి, 1907లో తిరిగొచ్చాడు. ఆటను అర్థం చేసుకోవడంలో ఆయన మేధావి అనే చెప్పాలి. కార్లైల్ పిల్లలు ఒంటి బరువులో పెద్ద కాలేజీల వాళ్ళకు సరిపోరు. అందుకని వేగం, మలుపులు, మోసపుచ్చే ఎత్తులు, కొత్తగా వచ్చిన బంతి విసురు, వీటి మీద జట్టును కట్టాడు. ఈ రోజు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో చాలా ఎత్తులకు మొదలు ఆ మైదానమే. కానీ ఆ ఎత్తులు ఆయన కాగితం మీద గీసినవి మాత్రమే అనుకోవద్దు. వాటిని కాళ్ళతో నిజం చేసింది ఆ పిల్లలు.

1907లో 11 మ్యాచ్‌ల్లో 10 గెలిచారు. హార్వర్డ్‌ను మొదటిసారి ఓడించింది ఆ ఏడాదే, 23-15 తేడాతో. ప్రాట్ పెట్టిన రెండో షరతు అట్లా తీరింది. అప్పటికి ప్రాట్‌ను ఉద్యోగం నుంచి తీసేసి మూడేళ్ళైంది.

1911లో హార్వర్డ్‌ను మళ్ళీ 18-15తో ఓడించారు. అందులో నాలుగు ఫీల్డ్ గోల్స్ ఒక్కడే కొట్టాడు. వాడే జిమ్ థోర్ప్, సాక్ అండ్ ఫాక్స్ తెగ కుర్రాడు. 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు పోయి పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు తెచ్చాడు. అదే ఏడాది నవంబర్ 9న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టును కార్లైల్ 27-6తో ఓడించింది. ఆ సైన్యం జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐజెన్‌హోవర్ కూడా ఉన్నాడు. వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా ఆడోళ్ళను, పిల్లలను కాల్చి చంపింది 1890లో. అది జరిగి అప్పటికి 22 ఏళ్ళే. ఆ కుర్రాళ్ళకు ఈ మ్యాచ్ అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

గెలుపు డబ్బు ఎటు పోయింది?

కార్లైల్ ఎక్కువ మ్యాచ్‌లు బయటి ఊళ్ళల్లో ఆడేది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైళ్ళల్లోనే సీజను గడిచేది. ఎందుకంటే పెద్ద ఊళ్ళల్లో పెద్ద స్టేడియాలు, టికెట్ల డబ్బు. "ఇండియన్లు" ఆడతారంటే వేలమంది వచ్చేవాళ్ళు. ఆ వచ్చిన వాటా డబ్బు ప్రభుత్వ ఖాతాలోకి పోయేది కాదు. అథ్లెటిక్ నిధి అని విడిగా ఉండేది. దాన్ని నడిపింది సూపరింటెండెంట్, కోచ్, ఇంకొక ఉద్యోగి. బడిలో కొన్ని కట్టడాలు ఆ డబ్బుతోనే లేచాయి, అది నిజమే. కోచ్ జీతం, ఇల్లు కూడా అందులోంచే. ఆటగాళ్ళకు సూటు, ఓవర్‌కోటు, కొంచెం చేతిఖర్చు. ఎముకలు విరగ్గొట్టుకున్న వాళ్ళకు ఆ నిధి లెక్క అడిగే హక్కు లేదు.

ఈ పద్ధతి మీద మొదట గట్టిగా రాసినవాళ్ళల్లో ఒకరు కూడా ఆదివాసీయే. యవపాయ్ తెగకు చెందిన డాక్టర్ కార్లోస్ మాంటెజుమా ఒకప్పుడు అదే బడిలో వైద్యుడిగా పనిచేశాడు. జట్టు బాగా గెలుస్తున్న 1907లోనే, ఇది చదువు కాదు, వ్యాపారం అన్నట్టు పత్రికలో విమర్శించాడు. గెలుస్తున్న జట్టు గురించి అట్లాంటి మాట ఎవరికి ఎక్కుతది? ఎవరూ పట్టించుకోలేదు.

1913 జనవరిలో థోర్ప్ సంగతి బయటపడింది. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో చిన్న బేస్‌బాల్ జట్లకు డబ్బు తీసుకుని ఆడాడని, కాబట్టి వాడు అమెచ్యూర్ కాదని, పతకాలు లాగేసుకున్నారు. ఆ రోజుల్లో చాలామంది కాలేజీ కుర్రాళ్ళు వేసవిలో దొంగపేర్లతో అట్లాగే ఆడేవాళ్ళు. థోర్ప్ తన సొంత పేరుతోనే ఆడాడు, అదే వాడు చేసిన పాపం. నాకేమీ తెలియదని వార్నర్ అన్నాడు. తప్పంతా తనదేనని ఒప్పుకుంటూ థోర్ప్ పేరు మీద పోయిన ఉత్తరం రాయించడంలో మాత్రం ఆయన చెయ్యి ఉంది. వాడి ఆటతో పేరు వచ్చినప్పుడు అందరూ పక్కన నిలబడ్డారు. నింద వచ్చినప్పుడు వాడొక్కడే మిగిలాడు. (ఆ పతకాల నకళ్ళు వాడి కుటుంబానికి ఇచ్చింది 1983లో, థోర్ప్ చనిపోయి 30 ఏళ్ళయ్యాక. ఒలింపిక్ రికార్డుల్లో ఏకైక విజేతగా పేరు పెట్టింది 2022లో.)

ఇదంతా థోర్ప్ గదిలో కలిసి ఉన్న ఇంకొక కుర్రాడు చూశాడు. పేరు గస్ వెల్చ్. విస్కాన్సిన్‌లోని ఓజిబ్వే తెగ. జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో ఎత్తు వేసి నడిపించేవాడు.

సంతకాలు

వెల్చ్ ఇంకొందరితో కలిసి బడి మీద విచారణ జరపమని వినతిపత్రం తయారుచేశాడు. 200 మందికి పైగా పిల్లలు సంతకాలు పెట్టారు. ఆటగాళ్ళే కాదు, మామూలు పిల్లలు కూడా. ఒక్కసారి ఆలోచించండి. ఇంటికి వేల మైళ్ళ దూరంలో ఉన్నారు. తిండి, పడక, రైలు టికెట్టు, అన్నీ ఆ సూపరింటెండెంట్ చేతిలోనే. ఆ సంతకం పెట్టిన పేరు కూడా బడి ఇచ్చిన పేరే. బడి నేర్పిన ఇంగ్లీషులో, బడి పెట్టిన పేరుతో, బడి మీదే ఫిర్యాదు రాశారు.

అమెరికా కాంగ్రెస్ ఉమ్మడి కమిషన్, సెనేటర్ జో రాబిన్సన్ నాయకత్వంలో, 1914 ఫిబ్రవరిలో కార్లైల్‌కు వచ్చి విచారణ జరిపింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పారు. తిండి చాలదన్నారు. కొడతారన్నారు. ఔటింగ్ పనికి వెళ్ళనన్న 18 ఏళ్ళ అమ్మాయిని బ్యాండ్ మాస్టర్ కొట్టిన సంగతి అక్కడే నమోదైంది. సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ మీద పిల్లలకు గౌరవం పోయిందని తేలింది.

ఆటగాళ్ళు కోచ్ గురించి చెప్పారు. బూతులు తిడతాడని, చెయ్యి చేసుకుంటాడని, మ్యాచ్ ముందు హోటల్ లాబీలో టికెట్లు అమ్ముకుంటుండగా చూశామని చెప్పారు. వెల్చ్ చెప్పిన మాటల సారాంశం ఏంటంటే, ఆట నేర్పడంలో ఆయన మంచి కోచే, మనిషిగా మాత్రం ఆయనకు నీతి లేదు. ఆ పిల్లాడి నిజాయితీ చూడండి. కోపంలో కూడా ఎదుటివాడి విద్యను తక్కువ చేయలేదు. ప్రాట్ కాలంలో "చెయ్యి ఎత్తొద్దు" అని పిల్లలకు షరతు పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే షరతు కోచ్‌కు కూడా ఉండాలని పిల్లలు అడిగారు. నాకు ఈ విచారణ మొత్తం అట్లా కనిపిస్తది.

ఫ్రీడ్‌మన్‌ను పక్కన పెట్టి, తర్వాత తీసేశారు. డబ్బు కేసులో ఆయన కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు, ఆ సంగతీ చెప్పుకోవాలి. ఆస్కార్ లిప్స్ అనే అధికారి వచ్చి బడి బాధ్యత తీసుకున్నాడు. వార్నర్ మాత్రం వెంటనే పోలేదు. 1914 సీజను ఆయనే నడిపాడు.

ఓడిన ఏడాది

ఆ సీజను ఎట్లా ఉంటది మరి? ఏ కుర్రాళ్ళు తన మీద సాక్ష్యం చెప్పారో ఆ కుర్రాళ్ళకే ఆయన కోచ్. ఏ మనిషికి నీతి లేదన్నారో ఆ మనిషి వేసిన ఎత్తులే వాళ్ళు ఆడాలి. థోర్ప్ 1913లోనే బేస్‌బాల్‌కు వెళ్ళిపోయాడు. ఇంకో గొప్ప ఆటగాడు జో గయాన్ కూడా లేడు. కొత్త పాలకులకు ఫుట్‌బాల్ మీద మునుపటి మోజు లేదు. మ్యాచ్‌లు మాత్రం తగ్గలేదు, 15 ఆడారు. చికాగోలో నోటర్ డామ్ చేతిలో 48-6తో ఓడారు. ఓటమికి కారణం విచారణ ఒక్కటే అని నేననను, ఆటగాళ్ళు తగ్గడమూ నిజమే. కానీ నమ్మకం పోయిన జట్టుకు ఏ ఎత్తూ పారదన్నది ఆట ఆడిన ఎవరినడిగినా చెప్తారు.

సీజను కాగానే వార్నర్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా పోయాడు. 1915లో ఆయన కొత్త జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ గెలిచిన మ్యాచ్‌ల్లో ఒకటి కార్లైల్ మీదే, 45-0. ఆయన పేరు ఈ రోజుకీ చిన్నపిల్లల ఫుట్‌బాల్ సంస్థకు ఉంది. విచారణ ఆయన బతుకు మీద పెద్దగా గీత కూడా పెట్టలేదు.

కార్లైల్‌లో ఆ తర్వాత కోచ్‌లు వరసగా మారారు. 1915లో విక్టర్ కెల్లీ, ఆ సీజన్లోనే గస్ వెల్చ్ కూడా ఆ బాధ్యత చూశాడు. 3 గెలుపులు, 6 ఓటములు, 2 సమం. 1916లో ఐదే మ్యాచ్‌లు, ఒక్క గెలుపు. 1917లో 3 గెలుపులు, 6 ఓటములు. ఆ ఏడాది నవంబర్‌లో జార్జియా టెక్ చేతిలో 98-0తో ఓడారు. ఆ సీజన్లో జార్జియా టెక్ జట్టులో ఉన్న గొప్ప ఆటగాళ్ళల్లో ఒకడు జో గయాన్, ఓజిబ్వే తెగ, పాత కార్లైల్ కుర్రాడే. గెలిచే జట్లు మన పిల్లల్లో మంచివాళ్ళను తీసుకుపోతాయి, మిగిలినవాళ్ళ మీద పరుగులు తీస్తాయి. ఇది కూడా కొత్త కథ కాదు.

1918లో యుద్ధంలో గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి కావాలని బడిని సైన్యం తీసేసుకుంది. 1893 నుంచి 1917 దాకా ఆ జట్టు మొత్తం లెక్క 167 గెలుపులు, 88 ఓటములు, 13 సమం. ఆ తర్వాత ఆ పేరుతో జట్టు లేదు.

ఆ తర్వాత కుర్రాళ్ళు ఏమయ్యారు?

థోర్ప్, గయాన్, ఇంకొందరు పాత కార్లైల్ ఆటగాళ్ళు 1922, 1923లో ఒహాయోలోని లారూ అనే చిన్న ఊరి పేరు మీద ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టులో ఆడారు. అంతా ఆదివాసీలే. కోచ్ థోర్ప్. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అంటామే, ఆ లీగ్‌లోనే. జట్టు యజమాని కుక్కల వ్యాపారి. తన కుక్కల అమ్మకానికి ప్రచారం కోసం జట్టు పెట్టాడు. సగం ఆట కాగానే విశ్రాంతి లేదు. ఆటగాళ్ళు ఈకలు పెట్టుకుని నాట్యాలు చేయాలి, కుక్కలతో విన్యాసాలు చూపించాలి. రెండేళ్ళల్లో 4 గెలుపులు, 16 ఓటములు. కోచ్ మన మనిషే. కానీ జట్టు ఎవరిది, ఎందుకు పెట్టారు అన్నది మారకపోతే కోచ్ మారినా ఒరిగేది ఏమీ లేదు. ఊరాంగ్ కథ చెప్పేది అదే.

గస్ వెల్చ్ దారి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో అధికారిగా పనిచేశాడు. 1919 నుంచి 1922 దాకా వాషింగ్టన్ స్టేట్ కాలేజీ జట్టుకు ప్రధాన కోచ్‌గా ఉన్నాడు. తర్వాత హాస్కెల్ అనే ఆదివాసీ బడి జట్టుకు కూడా కోచ్ అయ్యాడు. కోచ్ మీద సంతకాలు సేకరించిన పిల్లాడు తానే కోచ్ అయ్యాడన్నమాట. ఆటను వదల్లేదు, ఆటలో ఉన్న అవమానాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

కార్లైల్ శ్మశానంలో ఉన్న పిల్లల అవశేషాలను 2017 నుంచి వాళ్ళ తెగలకు తిరిగి ఇస్తున్నారు. 2021లో రోజ్‌బడ్ లకోటాలు తొమ్మిది మంది పిల్లలను ఇంటికి తీసుకుపోయారు. ఇట్లాంటి బడుల పేరుతో జరిగినదానికి 2024 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. అదే డిసెంబర్‌లో కార్లైల్‌ను జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మనకు దీంట్లో ఏముంది?

మన ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు కార్లైల్ లాంటివని నేను చెప్పట్లేదు. మనల్ని ఎవరూ యుద్ధంలో ఓడించి రైలెక్కించలేదు. రాజ్యాంగం ఉంది, మన హక్కులున్నాయి, అక్కడ చదివే ఈ గ్రూపులో ఇంతమందిమి ఉన్నాం. కానీ హాస్టల్ పిల్లల మెడలో పతకం పడ్డ ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే. ఆ పిల్లకు దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తున్నారు? ప్రాక్టీసు వల్ల పోయిన పాఠాలు ఎవరు చెప్తున్నారు? ఆటల పేరు మీద వచ్చిన డబ్బు లెక్క పిల్లలకు, తల్లిదండ్రులకు తెలుసా? సార్ తిడితే, కొడితే చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడా? గెలుస్తున్నప్పుడే ఇవి అడగాలి. ఓడినాక అడిగితే, ఓడారు కాబట్టి ఏడుస్తున్నారంటారు. కార్లైల్ పిల్లలు 10 మ్యాచ్‌లు గెలిచిన సీజను అయిన వెంటనే అడిగారు. అందుకే ఆ మాటకు అంత బరువు.

ఇంకో సంగతి. ఆ పిల్లలు ఫుట్‌బాల్ వద్దని ఎప్పుడూ అనలేదు. తిట్టని, కొట్టని, లెక్క చెప్పే పద్ధతి కావాలన్నారు. పైవాళ్ళు మాత్రం పద్ధతి మార్చకుండా ఆటనే తగ్గించేశారు. ఇది మన దగ్గర కూడా జరుగుతది. టూర్‌లో ఇబ్బంది జరిగిందని చెప్తే ఇక టూర్లే బంద్. మెస్‌లో కూర బాగాలేదంటే కూరే మాయం. దాంతో ఫిర్యాదు చేసినవాడి మీద తోటి పిల్లలకే కోపం వస్తది. కాబట్టి వినతిపత్రం రాసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చేయండి. ఏం వద్దో రాసిన పక్కనే ఏం ఉండాలో కూడా రాయండి. "ఈ పద్ధతి మారాలి, ఆట మాత్రం ఆగొద్దు" అన్న ఒక్క వాక్యం ముందే కాగితం మీద ఉంటే, రేపు దాన్ని చూపించి అడగొచ్చు.

ఒక్కరి పేరుతో పంపొద్దు, అందరూ సంతకం పెట్టండి. ఒక్కడైతే వాణ్ణి ఇంటికి పంపేస్తారు. 200 మందిని పంపలేరు, ఆ సంగతి వెల్చ్‌కు 1914లోనే తెలుసు.

కార్లైల్ రికార్డు పుస్తకంలో 1914 ఎదురుగా 5-9-1 అని ఉంటది. చూసినవాళ్ళకు అది చెడ్డ సీజను. ఆ గెలుపుల్లో టికెట్ల డబ్బు నిధికి పోయింది, పేరు కోచ్‌కు పోయింది. ఆ ఏడాది పెట్టిన సంతకాలు మాత్రం పూర్తిగా పిల్లలవే.

మీ హాస్టల్లో సంతకాలు పెట్టి ఏదైనా సాధించుకున్న సంగతి ఉంటే కింద రాయండి. పేర్లు వద్దు, ఎట్లా చేశారో చెప్పండి. కొత్తగా హాస్టల్‌కు వచ్చిన పిల్లలకు పనికొస్తది.

జోహార్.